‘సెక్యూరిటీ’ అన్న చోట మా నాయన సంతకం పెట్టారు: ఈ మాటకు తెలుగులో ఏ మాట?

తిరుచానూరు అమ్మాయి (ప్రశ్న):

పెద్దలందరికీ నమస్కారం. మా నాయన తిరుపతిలో ఒక అపార్ట్‌మెంటుకు చాలా ఏళ్ళుగా రాత్రి కాపలా కాస్తున్నారు. అక్కడ ఆయన పేరు తెలిసినవారు తక్కువ. పిల్లలు ‘సెక్యూరిటీ తాత’ అంటారు, పెద్దవాళ్ళు ఉత్త ‘సెక్యూరిటీ’ అంటారు, ఫోను ఎత్తితే ఆయన కూడా ‘సెక్యూరిటీని మాట్లాడుతున్నాను’ అనే మొదలుపెడతారు. రెండేళ్ళ కిందట ఆయనతో పాటు పని చేసే ఒకాయన ఒక ఫైనాన్సు సంస్థలో 2 లక్షల రూపాయల అప్పుకు పోతూ, తెలిసినవాళ్ళు ఒకరు సంతకం పెట్టాలంట అన్నా, అని నాయనను వెంట పిలుచుకొని పోయాడు. కాగితమంతా ఇంగ్లీషులో ఉంది. నాయన ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని చదవగలరు కనుక, వాళ్ళు వేలు పెట్టి చూపిన గీత పైన ‘సెక్యూరిటీ’ అని ఉండడం చదివారు. అది తన ఉద్యోగం పేరనీ, ఫలానా చోట సెక్యూరిటీగా ఉన్న తనకు ఈ మనిషి తెలుసునని చెప్పడానికే ఆ సంతకమనీ అనుకొని పెట్టేశారు. ఆరు నెలలుగా ఆ మనిషి వాయిదాలు కట్టడం లేదు, ఇల్లు ఖాళీ చేసి పోయాడు. పోయిన నెల నాయన పేరున నోటీసు వచ్చింది.

నేను ఒక డీటీపీ అంగడిలో తెలుగు టైపు చేస్తాను. ఆ నోటీసు వచ్చిన నాటి నుండి ఈ మాట ఎక్కడ కనబడినా ఆగి చూస్తున్నాను. అలిపిరి దగ్గర బస్సు దిగి సంచులు తనిఖీకి పెట్టే చోట సెక్యూరిటీ ఉంది. ఇల్లు అద్దెకు తీసుకుంటే ముందుగా కట్టే డబ్బు సెక్యూరిటీ డిపాజిట్. రేషను బియ్యం చట్టం పేరులో ఆహార భద్రత ఉంది, ప్రపంచ వార్తల్లో భద్రతా మండలి ఉంది, షేర్ల వ్యాపారం చేసేవాళ్ళ కాగితాల్లో సెక్యూరిటీలు ఉన్నాయి. ఇవన్నీ ఒకే మాటకు కొమ్మలా, లేక వేర్వేరు మాటలు ఒకే గొడుగు కిందికి వచ్చాయా? మా నాయన పెట్టిన సంతకాన్ని తెలుగులో ఏమనాలి? తెలిసినవారు దయచేసి వివరంగా చెప్పగలరు.

చిత్తూరు న్యాయవాది:

అమ్మా, ముందు మీ నాయనగారి సంగతి చెప్పి తరువాత మాట సంగతికి వస్తాను.

మీరు రాసినదాన్ని బట్టి ఆయన పెట్టినది పూచీ సంతకం. ఒకరి బాకీ వారు తీర్చకపోతే తాను తీరుస్తానని మరొకరు ఇచ్చే మాటను 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం 126వ సెక్షను నిర్వచించింది. 128వ సెక్షను ప్రకారం, ఒప్పందంలో వేరే షరతు లేకపోతే, పూచీ పడినవారి బాధ్యత అప్పు తీసుకున్నవారి బాధ్యతతో సమానం. అందువల్ల ‘ముందు అతడిని పట్టుకొని, దొరకకపోతే నా దగ్గరికి రండి’ అనే జవాబు సాధారణంగా న్యాయస్థానంలో నిలవదు. పూచీ పడడమంటే వరుసలో రెండోవాడిగా నిలబడడమని మన ఊళ్ళలో గట్టి నమ్మకం ఉంది, ఆ నమ్మకం వల్ల నష్టపోయిన కుటుంబాలను నేను చాలా చూశాను.

అదే చట్టంలో మీకు ఆసరా అయ్యే సెక్షన్లు కూడా ఉన్నాయి. అప్పు ఇచ్చినవారు గానీ, వారికి తెలిసి వారి సమ్మతితో మరొకరు గానీ ముఖ్యమైన విషయాన్ని తప్పుగా చెప్పి తీసుకున్న పూచీ చెల్లదని 142వ సెక్షను, ముఖ్యమైన విషయం చెప్పకుండా దాచి తీసుకున్న పూచీ చెల్లదని 143వ సెక్షను చెబుతున్నాయి. కాబట్టి ఆ రోజు ఆ బల్ల దగ్గర ఎవరు ఏమన్నారు, ఎవరు వేలు పెట్టి చూపించారు, కాగితం చదివి వినిపించారా లేదా అనేవి మీ నాయనగారు గుర్తు తెచ్చుకొని రాసి పెట్టుకోవడం మంచిది. ‘చదవకుండా పెట్టాను’ అన్న ఒక్క మాటతో బయటపడడం మాత్రం కష్టం. ఒకవేళ కట్టవలసే వస్తే, కట్టిన మొత్తాన్ని ఆ తోటి ఉద్యోగి దగ్గర రాబట్టుకునే హక్కు 145వ సెక్షను కింద ఆయనకు ఉంటుంది. అదే అప్పుకు మోటారు సైకిలు వంటిది కూడా కుదువగా ఉండి, దానిని సంస్థవారు మీ నాయనగారి సమ్మతి లేకుండా విడిచిపెట్టి ఉంటే, ఆ విలువ మేరకు ఆయన పూచీ తగ్గుతుంది. ఇది 141వ సెక్షను. అందుకే ఒప్పంద పత్రం పూర్తి నకలు అడగండి.

ఇక మాట సంగతి. అప్పు తిరిగి రాకపోతే ఎవరి మీద, దేని మీద చెయ్యి వేయవచ్చుననేదే న్యాయశాస్త్రంలో సెక్యూరిటీ. మన తెలుగు దస్తావేజుల్లో దీనికి ఒకే మాట ఎప్పుడూ లేదు. నగో వస్తువో చేతికిచ్చి తెచ్చుకుంటే కుదువ లేదా తాకట్టు, ఇల్లో భూమో రాసిస్తే తనఖా, మనిషి నిలబడితే పూచీ లేదా జామీను. ఈ మూడూ విన్నవాడికి తన దగ్గర నుండి ఏమి పోగలదో వెంటనే తెలుస్తుంది. ఇంగ్లీషులో పూచీ పడే మనిషికి ష్యూరిటీ అని వేరే మాట ఉన్నా, ఫారాల్లో వస్తువూ మనిషీ కలిపి సెక్యూరిటీ అన్న ఒక్క శీర్షిక కిందికి చేరతారు, అక్కడే మీ నాయనగారు మోసపోయారు.

క్రిమినల్ చట్టంలో ఇదే మాటకు మరో వాడుక ఉంది. ఒకరి వల్ల శాంతికి భంగం కలుగుతుందని అనిపించినప్పుడు, గొడవ జరగకముందే ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటు వారి చేత పూచీకత్తు రాయించుకుంటారు. వార్తాపత్రికల్లో ‘బైండోవర్ చేశారు’ అని వచ్చేది ఇదే. పాత నేర విచారణ స్మృతి (సీఆర్‌పీసీ)లో ఇది 107వ సెక్షను, 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 126వ సెక్షను. అక్కడ డబ్బు బాకీ ఉండదు, మంచి నడవడికే బాకీ. కొత్త చట్టం పేరులోని ‘సురక్ష’ ప్రజలకు కలిగే రక్షణ, లోపలి అధ్యాయం పేరులోని సెక్యూరిటీ ఒక మనిషి రాసిచ్చే పూచీ. ఒకే పుస్తకంలో ఈ రెండూ ఉన్నాయి.

బ్యాంకు విశ్రాంత ఉద్యోగి, తిరుపతి:

న్యాయవాది గారు చెప్పినది నిజమే కాని ‘జామీను’ అన్న మాటతో నాకు ఒక ఇబ్బంది ఉంది. చిత్తూరు, పలమనేరు, కుప్పం వైపు శాఖల్లో పనిచేసినప్పుడు, జామీను అంటే జైలు నుండి విడిపించడమేనని అనుకునేవారు చాలామంది కనబడ్డారు. కన్నడంలోనూ తమిళంలోనూ బెయిలుకు ఆ మాటే వాడుతారు కనుక, ఎల్లకు దగ్గరగా ఉండే మనవారికి ఆ అర్థమే ముందు స్ఫురిస్తుంది. ‘హామీ’ అంటే ఇంకా కష్టం. ఎన్నికల్లో నాయకులు ఇచ్చేవి కూడా హామీలే కాబట్టి, ‘హామీ సంతకం’ అంటే నోటి మాట వంటిదేదో అనుకొని తేలికగా కలం తీస్తారు. నేను కౌంటరులో ఉన్న రోజుల్లో ఏ మాటా వాడకుండా, ‘ఈయన కట్టకపోతే ఈ డబ్బంతా, వడ్డీతో సహా, మీరు కట్టాలి, మీ దగ్గర నుండి వసూలు చేస్తారు, తెలిసే పెడుతున్నారా?’ అని అడిగేవాడిని. ఆ ప్రశ్న విని లేచి వెళ్ళిపోయినవారు ఉన్నారు, అప్పు ఆగిపోయిందని నన్ను తిట్టినవారూ ఉన్నారు. అయినా అడగడం మానలేదు.

రిజర్వు బ్యాంకు ఫైనాన్సు సంస్థలకు నిర్దేశించిన న్యాయమైన వ్యవహార నియమావళిలో, అప్పు తీసుకునేవారికి పంపే సమాచారమంతా వారి ప్రాంతీయ భాషలోనో వారికి అర్థమయ్యే భాషలోనో ఉండాలని ఉంది. 2024 అక్టోబరు 1 నుండి మంజూరయ్యే రిటైల్ అప్పులకు, చిన్న, మధ్య తరహా సంస్థల టర్మ్ అప్పులకు, షరతులన్నీ అర్థమయ్యే భాషలో ఒకచోట చెప్పే ముఖ్య వివరాల పత్రం కూడా ఇవ్వాలి. మీ నాయనగారి సంతకం అంతకు ముందుదై ఉండవచ్చు, పైగా ఈ నియమాలు అప్పు తీసుకునేవారిని ఉద్దేశించినవి. అయినా మొత్తం ఇంగ్లీషు కాగితం మీదనే వ్యవహారం నడిచిందన్న సంగతి న్యాయవాదితో తప్పక చెప్పండి.

‘భద్రత లేని రుణం’ అని కొన్ని ప్రకటనల్లో చూస్తూ ఉంటాను. చదివినవారు అది ప్రమాదకరమైన అప్పేమో అనుకుంటారు. వారు చెప్పదలచుకున్నది కుదువ లేని అప్పు. రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి వ్యవసాయానికి 2 లక్షల రూపాయల వరకు కుదువ అడగకుండా అప్పు ఇవ్వాలని బ్యాంకులకు చెప్పింది, దీనిని ‘భద్రత లేని పంట రుణం’ అని ఏ రైతు దగ్గర అన్నా భయపడతాడు. డ్వాక్రా మహిళలకు ఇచ్చే అప్పులోనూ వస్తువు కుదువ ఉండదు, సంఘంలోని పది పదిహేను మంది ఒకరికొకరు అండగా ఉండడమే ఆధారం. సహకార సంఘాలకు మన పెద్దలు ‘పరపతి సంఘం’ అని పేరు పెట్టారు. పరపతి అంటే అప్పు పుట్టించుకోగల శక్తీ అవుతుంది, నలుగురిలో ఉన్న మాట చెల్లుబాటూ అవుతుంది. అప్పుకు అసలైన ఆధారం ఏదో ఆ ఒక్క మాటలో ఉంది.

మన కొండ మీది కథలో కూడా ఇదే ఉంది. పద్మావతీ పరిణయానికి శ్రీనివాసుడు కుబేరుని దగ్గర అప్పు చేశాడని, ఆ పత్రానికి బ్రహ్మ, శివుడు సాక్షులయ్యారని మనమందరం చిన్నప్పటి నుండి వింటున్నాం. నేను విన్నంతలో ఆ కథలో కుదువ పెట్టిన వస్తువు లేదు, తనఖా పెట్టిన కొండ లేదు, పూచీ పడిన మూడోవారు లేరు. సాక్షులు మాత్రమే ఉన్నారు. సాక్షి సంతకానికీ పూచీ సంతకానికీ ఉన్న దూరం మీ నాయనగారికి ఎవరైనా ఆ రోజు చెప్పి ఉండవలసింది. సాక్షి ‘ఈ వ్యవహారం నా కళ్ళ ముందు జరిగింది’ అంటాడు, అంతే. బాకీతో అతనికి సంబంధం లేదు. ఆయన పెట్టాననుకున్నది దాదాపు సాక్షి సంతకం.

షేర్ల మాట కూడా అడిగారు. బాకీ ఉన్నట్టు రాసిచ్చిన పత్రం అప్పు ఇచ్చినవాడికి ఆధారం కనుక దానికి ఆ పేరు వచ్చింది, తరువాత చేతులు మారగల పత్రాలన్నిటికీ పాకింది. 1956 నాటి సెక్యూరిటీల ఒప్పందాల నియంత్రణ చట్టం వాటాలను, బాండ్లను, డిబెంచర్లను అన్నిటినీ ఆ మాట కిందనే చేర్చింది. వాటాకు ఏ పూచీ లేదు, ధర పడిపోతే ఎవరూ కట్టరు. పదవీ విరమణ డబ్బు తెచ్చి, ‘సెక్యూరిటీలే కదా, భద్రంగానే ఉంటాయి కదా’ అని అడిగిన ఒక ఉపాధ్యాయుడు నాకు ఇప్పటికీ గుర్తున్నారు. తెలుగులో వాటాలు, రుణ పత్రాలు అని విడివిడిగా రాస్తే ఆ ప్రశ్నే పుట్టదు.

అద్దెకు ముందు కట్టేది, ఎన్నికల్లో అభ్యర్థి కట్టేది ధరావతు. లోక్‌సభకు 25,000 రూపాయలు, శాసనసభకు 10,000 రూపాయలు, షెడ్యూల్డు కులాలు, తెగల అభ్యర్థులకు అందులో సగం. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రాకపోతే ఆ డబ్బు పోతుంది. ‘ధరావతు గల్లంతు’ అని అందరూ అంటారు కనుక ఆ మాట బతికే ఉంది, అద్దె కాగితాల్లోనూ దానినే వాడవచ్చు.

తెలుగు అయ్యవారు:

ప్రశ్న చదివి రెండు రోజులు ఆలోచించాను. అమ్మాయీ, ఇంగ్లీషు మాట పుట్టుక లాటిన్‌లో ఉంది. ‘సే’ అంటే లేకుండా, ‘కూరా’ అంటే చింత. రెండూ కలిస్తే అచ్చంగా మన ‘నిశ్చింత’. వెనకటి ఇంగ్లీషులో ఆ మాటకు ఏమరుపాటు అనే చెడ్డ అర్థం కూడా ఉండేది. చింత లేనివాడు ఏమరి ఉంటాడు కదా. చింత లేని మనసు నుండి, చింత లేకుండా చేసే వస్తువుకు, కాగితానికి, మనిషికి, సైన్యానికి ఆ పేరు పాకింది. కాబట్టి మీరు అడిగిన మొదటి ప్రశ్నకు జవాబు: ఇంగ్లీషులో అవి ఒకే చెట్టు కొమ్మలు, తెలుగులో వేర్వేరు చెట్లు.

మన వైపు చూస్తే, ‘భద్రం’ సంస్కృతంలో శుభం, మంగళం. ఆ మాట తెలుగు నోట పడి జాగ్రత్తగా, చెడకుండా అనే అర్థం తెచ్చుకుంది. భద్రంగా వెళ్ళి రమ్మంటాము, కాగితాలు భద్రపరుస్తాము. ఇంత మెత్తని మాటను సరిహద్దు భద్రతా దళానికీ రహదారి భద్రతకూ ఒకేలా వాడుతున్నాము. మొదటిది శత్రువు నుండి, రెండోది ప్రమాదం నుండి. ఇంగ్లీషు వారు ఈ రెండింటికీ సెక్యూరిటీ, సేఫ్టీ అని వేర్వేరు మాటలు ఉంచుకున్నారు, మనం కలిపేశాము. నా అభిప్రాయంలో ఎవరో చేసే కీడుకు అడ్డు పడేది రక్షణ, చెడిపోకుండా చూసుకునేది భద్రత అని విడదీస్తే బాగుంటుంది. పసిబిడ్డకు నీళ్ళు పోసి ‘శ్రీరామరక్ష’ అనడంలో ఆ అడ్డుపడే అర్థమే ఉంది. ఆహార భద్రతలో మాత్రం ‘భద్రత’ సరిగ్గా కుదరలేదని నాకు అనిపిస్తుంది. 2013 నాటి చట్టం ఇచ్చేది మనిషికి నెలకు 5 కిలోల తిండిగింజల హక్కు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. అది తిండికి భరోసా. ‘భరోసా’ మన ఊళ్ళలో అందరి నోటా ఉన్న మాటే.

అచ్చ తెలుగులో ‘కాచు’ ఉంది. కాపు, కాపలా, కావలి, కాపాడు అన్నీ దాని పిల్లలే. చిత్తూరు సీమ పాళెగాళ్ళ కాలంలో ఊళ్ళను దొంగల నుండి కాచినందుకు వసూలు చేసే రుసుముకు కూడా కావలి అనే పేరుండేది. కాచేవాడు మేలుకొని ఉండాలి. ‘జాగ్రత్త’ అనే మాటకు మూలమైన ‘జాగ్రత్’ అంటేనే మేలుకొని ఉన్న స్థితి. మీ నాయన రాత్రంతా జాగ్రత్తగా ఉంటే ఆ భవనంలోని వారు నిశ్చింతగా నిద్రపోతున్నారు. లాటిన్ మాట నిద్రపోయేవారి వైపు నుండి పుట్టింది, మన మాట మేలుకొన్నవాడి వైపు నుండి పుట్టింది. ఆయనను ‘సెక్యూరిటీ’ అని పిలిచేవారు ఆయన పేరు తెలుసుకొని పిలిస్తే నాకు సంతోషంగా ఉంటుంది.

పూచీ సంగతి మన ధర్మశాస్త్రాల్లో చాలా సూక్ష్మంగా ఉంది. యాజ్ఞవల్క్య స్మృతి పూచీని మూడు విధాలుగా విడదీసింది. మనిషిని పిలిచినప్పుడు చూపిస్తానని పడేది దర్శనానికి పూచీ, ఇతడు నమ్మదగినవాడని చెప్పేది ప్రత్యయానికి పూచీ, ఇతడు ఇవ్వకపోతే నేను ఇస్తానని పడేది దానానికి పూచీ. మొదటి రెండింటిలో మాట తప్పితే పూచీ పడినవాడు మాత్రమే చెల్లించాలి, మూడోదానిలో అతని కొడుకుల మీద కూడా భారం పడుతుంది. మీ నాయన ప్రత్యయానికి సంతకం పెట్టాననుకున్నారు, కాగితం దానానికి పెట్టించుకుంది. అంత పాత కాలంలోనే ఈ రెండూ ఒకటి కావని గుర్తించి పేర్లు పెట్టుకున్న భాషల వారసులం మనం.

ఇంకొక మాట చెప్పకుండా ఉండలేను. ‘నిక్షేపం’ అంటే నమ్మి ఒకరి దగ్గర దాచిన సొమ్ము. మనుస్మృతి లెక్కించిన పద్దెనిమిది వివాదాల్లో అప్పు మొదటిది, నిక్షేపం రెండోది. పాత క్రయ పత్రాల్లో ‘నిధి నిక్షేప జల పాషాణ’ అని వస్తూ ఉంటుంది, మీరు టైపు చేసే ఉంటారు. వైష్ణవులు శరణాగతికి చెప్పే ఆరు అంగాల్లో ఆత్మనిక్షేపం ఒకటి, తనను తాను స్వామి దగ్గర దాచుకోవడం. ఆ మాటే వాడుకలో ‘నిక్షేపంగా ఉన్నాడు’ అయింది. ఏ లోటూ లేకుండా ఉన్నవాడిని, నమ్మకస్తుని దగ్గర దాచిన సొమ్ముతో పోల్చిన మాట అది. సెక్యూరిటీ అన్న మాటకు ఉన్న అర్థాలలో మనసుకు సంబంధించిన అర్థానికి ఇంతకంటే దగ్గరి తెలుగు మాట నాకు తెలియదు.

కంప్యూటరు పని చేసే తమ్ముడు:

అయ్యవారికి నమస్కారం. ఇదే తికమక మా రంగంలోనూ ఉంది కనుక రెండు ముక్కలు రాస్తున్నాను. వెబ్‌సైటు చిరునామా పక్కన తాళం గుర్తు ఉండి ‘సురక్షితం’ అని వస్తే, మీకూ ఆ సైటుకూ మధ్య నడిచే సమాచారాన్ని దారిలో ఎవరూ చదవలేరని మాత్రమే అర్థం. ఆ సైటు నడిపేవారు మంచివారని ఎవరూ పూచీ పడలేదు. తిరుమల దర్శనం టికెట్లు, గదుల పేరుతో వచ్చే నకిలీ సైట్లలోనూ ఆ తాళం ఉండవచ్చు. దూరం నుండి వచ్చే యాత్రికులు తాళం చూసి డబ్బు కట్టేస్తారు. అక్కడ ‘సురక్షితం’ అని కాకుండా ‘దారి గోప్యం’ అని రాసి ఉంటే కొందరైనా ఆగేవారని నేను నమ్ముతున్నాను.

తిరుచానూరు అమ్మాయి:

అందరికీ చేతులెత్తి నమస్కారం. మీరు రాసినవన్నీ నిన్న సాయంత్రం నాయన డ్యూటీకి పోకముందు చదివి వినిపించాను. దర్శనం, ప్రత్యయం, దానం దగ్గర రెండోసారి చదవమన్నారు. ‘నేను పెట్టింది ఆ నడిమిదే, నాకు తెలిసింది అదే’ అన్నారు. కాగితంలో పూచీ అని తెలుగులో ఉంటే పెట్టేవారా అని అడిగాను. వాళ్ళ నాయన పూచీ పడి రెండు ఎకరాల చేను పోగొట్టుకున్న సంగతి ఆయనకు తెలుసట, ఆ మాట కనబడి ఉంటే కలం ముట్టుకునేవాడిని కాదన్నారు. ఈ చేను సంగతి నాకు ఇంతవరకు తెలియదు.

సంస్థకు ఒప్పందం నకలు కోరుతూ రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాము. ఉచిత న్యాయ సహాయం కోసం 15100కు ఫోను చేస్తే, న్యాయసేవాధికార సంస్థను సంప్రదించమన్నారు. మంగళవారం పోతున్నాము. మా అంగడికి టైపుకు వచ్చే అప్పు పత్రాల్లో ‘సెక్యూరిటీ’ అని ఉన్న చోట, రాయించుకునేవారు ఒప్పుకుంటే, బ్యాంకు సారు చెప్పిన వాక్యాన్ని పూర్తిగా పెడుతున్నాను. ఒకరు ఒప్పుకున్నారు, ఇద్దరు ఒప్పుకోలేదు. మంగళవారం వెంట ఏమేమి తీసుకొని పోవాలో న్యాయవాది గారు చెబితే మేలు.

చిత్తూరు న్యాయవాది:

వచ్చిన నోటీసు, దాని కవరు, మీరు పంపిన ఉత్తరం నకలు, పోస్టు రసీదు, నాయనగారి ఆధారు, జీతం తెలిపే కాగితం ఏదైనా ఉంటే అది తీసుకొని వెళ్ళండి. కవరు పారేయకండి, దాని మీది తేదీ ముద్ర పనికి వస్తుంది. నోటీసులో జవాబుకు గడువు రాసి ఉంటే ఆ తేదీని ముందుగా చూపించండి. రాత్రి డ్యూటీ చేసి వచ్చారని నాయనగారిని ఇంట్లో ఉంచి మీరొక్కరే వెళ్ళవద్దు. ఆ గీత ఎక్కడ ఉందో, దాని పైన ఆయన ఏమి చదివారో ఆయన నోటి నుండే వినాలి.